కుక్క గుర్తు

పటంలో గొర్రెకు గుర్తు లేదు.
కారుంది, లారీ ఉంది, గుర్రముంది,
హగరి ఇసక తేలిన ఈ సీమకు ఎందుకో గానీ
పడవ కూడా ఉంది.
వెతికి వెతికి
బీరలింగప్ప పొట్టేలికి
కుక్క గుర్తు పెట్టినా.

ముప్పై రెండేండ్లు గుంతకల్లు సిగ్నళ్లలో చేసినోణ్ణి.
బండి యాడుందో కంటితో చూడకుండా చెప్పడమే నా కూడు.
రిటైరైనాక రాత్రిళ్లు
చెయ్యి ఊరికే బ్లాకు గంట కోసం తడుముకునేది.
అప్పుడు రాసినా వైర్‌లెస్ పరీక్ష.
వీయూ త్రీతో మొదలయ్యే పేరొకటొచ్చింది.
మాయమ్మ పెట్టిన పేరుకన్నా
దానికే ఎక్కువమంది పలుకుతారు.

సబ్బుపెట్టెలో జీపీఎస్ బిళ్ల,
అగ్గిపెట్టెంత రేడియో, మూడు సెల్లులు, తోలుపట్టీ.
లైసెన్సు నాది, మెడ పొట్టేలిది.
పది నిమిషాలకొకసారి బర్రుమని
'ఇక్కడ' అంటుంది.
ఉరవకొండ పడగమీద షేక్షావలి సారు నిలిపిన పెట్టె
విని, అదే మాట మళ్లీ అంటుంది.
మంద దినమంతా నడిచిన నేలను
ఆ మాట రెప్పపాటులో దాటి
నా మిద్దెమీద వాలుతుంది.

పొద్దుగూకినాక హొన్నూరమ్మ వస్తుంది.
"యాడుండాడన్నా?"
"పద్నాలుగు డిగ్రీల యాభైమూడు నిమిషాలు."
"యాభైమూడు నిమిషాల్లో వస్తాడా?"
నవ్వి, కణేకల్లు పక్కన అంటే
"నీళ్లుండాయా ఆడ?"
పటంలో నీలంగా చెరువుంది.
పటం గీసిన యాడాది వాన పడిందేమో.
ఉండాయనలేదు, లేవనలేదు.

పన్నెండో దినం చుక్క నిలబడింది.
రెండు రాత్రులు అవే అంకెలు.
చివరి అంకె మాత్రం అటూ ఇటూ వణికేది.
అది ఊపిరి గాదు,
ఉపగ్రహాల లెక్కలో తడబాటు.
తెలిసి కూడా ఆ వణుకునే చూస్తా కూచున్నా.
నిలబడిన బండికి నూరు కారణాలుంటాయి,
మంచివి ఒకటో రెండో.

టేపుకొలతలు కత్తిరించి పైపుకు బిగించిన యాంటెన్నా
చంకన పెట్టుకుని మోపెడ్ ఎక్కినా.
దాన్ని గాలిలో తిప్పుతా చేన్లకడ్డం పోతాంటే
శెనక్కాయ పెరికే వాళ్లు నన్ను సర్వేయరనుకున్నారు.
"మా గెనం దాకా వస్తుందా సారూ?"
ఏం వస్తుందో నేనడగలేదు.

తుమ్మకంప నీడలో మంద లేదు.
ఈనిన గొర్రె, కాళ్లు నిలవని పిల్ల,
ముందర పళ్లు చూపిస్తా
నిజంగానే ఒక కుక్క.
దాని గొంతుకింద సబ్బుపెట్టె బర్రుమంది.
మా ఇద్దరి నడుమ పది అడుగులు.
ఆ మాట ఉరవకొండకు పోయి
మళ్లీ నా చేతిలోకొచ్చి
'ఇక్కడ' అంది.

మాపటేల బీరలింగప్ప సంగటి మూటతో వచ్చినాడు.
మంద కోసెడు దూరంలో, తమ్ముడి చేతిలో ఉందంట.
పొట్టేలు కొమ్ముతో తీగ వంచేస్తాంటే
పట్టీ తీసి జోబిలో పెట్టుకున్నాడంట.
"ఈ గొర్రె కదల్లేకపోయ.
నేను యాడుండానో నాకు తెలుసు గదన్నా.
దిక్కులేకుండా ఉండేది ఇవి.
వీటిని ఎవురన్నా చూస్తా ఉండాల గదా."
కుక్కకు సంగటి ముద్ద పెట్టి
నాకూ ఒకటి పెట్టినాడు.

ఇప్పుడు హొన్నూరమ్మ పటం చూడదు.
రేడియో గొంతు పెంచమంటుంది.
వసారాలో కొర్రలు చెరుగుతా
బర్రుమన్నప్పుడల్లా వేలు మడుస్తుంది.
నిన్న పది దాటి పదకొండు, పన్నెండు నిమిషాలు.
"ఒకటి రాలేదే?"
"గుట్ట అడ్డమొచ్చింటుందిలేమ్మా."
చేట ఆగింది.
ఖాళీ హోరు, వాన వచ్చేముందు గాలిలాగ.
ఆమె మడవని వేలు
అట్లే గాలిలో ఉంది.